మొదటి గడిలో ఎవరు

చిత్తూరులో ఇవాళ ఇంగ్లీషులో నోరు తెరుస్తున్న వాళ్లలో సగం మంది నా చేతి కింద తయారైన వాళ్లే. మిగతా సగం మంది నా శిష్యుల దగ్గర నేర్చుకున్నవాళ్లు. ఈ మాట నేను ఎన్నో పెళ్లిళ్లలో చెప్పాను, రెండు మూడు చావు ఇళ్లలో కూడా చెప్పాను. ఎవరూ కాదనలేదు. నా వయసు మనిషిని కాదనడానికి జనానికి ఓపిక ఉండదు. ఈ మధ్య నాకు కూడా ఆ మాట మొత్తం చెప్పే ఓపిక ఉండడం లేదు, శిష్యుల శిష్యుల దగ్గరికి వచ్చేసరికి ఆయాసం వస్తోంది.

మొన్న తిరుచానూరులో ఒక పెళ్లికి వెళ్లాను. మూడో బంతిలో కూర్చున్నాను. ఆకు మీద నీళ్లు చల్లుకున్నానో లేదో, ఒకాయన వచ్చి అన్నం కుమ్మరించి పోయాడు. ఉప్పు లేదు, ఊరగాయ లేదు, కూర జాడ లేదు. పచ్చటి ఆకు మధ్యలో ఒంటరిగా తెల్లటి అన్నం. నాకు ఎందుకో దిగులేసింది. సాంబారు బకెట్టు పట్టుకుని వచ్చిన నడివయసు మనిషిని ఆపి అడిగాను.

“ఏమప్పా, మీ వడ్డన మేస్త్రీ యాడ?”

“ఏ మేస్త్రీ సార్?”

“ఎడమ భుజం వంగి ఉంటాది చూడు, ఆయప్ప.”

“ఆయప్పా? ఆషాఢంలోనే పోయినాడు గదా సార్. మీకు తెలీదా?” అని గరిటెడు సాంబారు పోసి పక్క ఆకుకు వెళ్లిపోయాడు. పంక్తిలో కూర్చున్నవాడికి చావు కబురు చెప్పడానికి వడ్డించేవాడికి అంతకన్నా తీరిక ఉండదు.

పెళ్లిళ్లు లేని నెల చూసుకుని పోయాడు. ఒక్క బంతి కూడా చెడకుండా. ఆ పద్ధతి ఆయనదే.

పేరు రాయను. పేరు ముందు పెట్టుకోవడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. పెళ్లి పెద్దలు కూడా ‘మేస్త్రీ’ అనే పిలిచేవాళ్లు. ఎన్నో ఏళ్లు బకెట్టు మోసి ఎడమ భుజం రెండు అంగుళాలు కిందికి దిగిపోయింది. బకెట్టు లేనప్పుడు కూడా ఆ చెయ్యి బరువు మోస్తున్నట్టే ఉండేది. రోడ్డు మీద కూడా ఆయన కొంచెం పక్కవాటుగా నడిచేవాడు, ఎదురుగా పంక్తి ఉన్నట్టు. తినేవాళ్ల ముఖం చూసేవాడు కాదు. ఎందుకని అడిగితే, “మొగం చూస్తే సిగ్గుపడి చాలు అంటారు సార్. ఆకును సూస్తే తెల్సిపోతాది ఇంకా ఆకలి ఉండాదో లేదో” అన్నాడు.

నా దగ్గరికి మొదటిసారి ఒక మధ్యాహ్నం నాలుగు గంటలకు వచ్చాడు. ఒంటి మీద నెయ్యి వాసన, పసుపు మరకలు. ఇంగ్లీషు నేర్చుకోవాలన్నాడు.

ఇక్కడ నా ఇంగ్లీషు బడి సంగతి ఒప్పుకోవాలి, లేకపోతే తర్వాతి మాటలు నడవవు. మొదట రాసిన సగం చిత్తూరు అబద్ధం. మా ఇంటి ముందు గదిలో ఒక నల్లబల్ల, రెండు బెంచీలు, ఒక ఫ్యాను. ఎక్కువలో ఎక్కువ ఒకసారి ఏడుగురు ఉన్నారు. అందులో ఇద్దరు ఫ్యాను కోసం వచ్చేవాళ్లు. నేను బడిలో ఇంగ్లీషు అయ్యవారిని కూడా కాదు, సోషల్ చెప్పేవాణ్ణి. ఇంగ్లీషు పోస్టు ఖాళీగా ఉంటే ఆ పీరియడ్లు నా నెత్తిన పడ్డాయి. రిటైరయ్యాక సోషల్ నేర్చుకోవడానికి ఎవరూ రారు కాబట్టి ఇంగ్లీషు పెట్టాను.

“ఈ వయసులో ఇంగ్లీషు ఎందుకప్పా?” అన్నాను.

ఆయన కూర్చోకుండానే చెప్పాడు. భార్యకు ఫిట్సు. వేలూరు పక్కన ఒక ఆసుపత్రిలో చూపిస్తున్నాడు. డాక్టరమ్మ ఎక్కడో ఈశాన్యం కొండల నుంచి వచ్చినామె, తెలుగు రాదు, తమిళమూ రాదు. ఈయన తమిళంలో చెబితే నర్సు ఇంగ్లీషులోకి మార్చి చెప్పాలి.

“నేను పది మాటలు చెప్తే రెండే పోతాండాయి సార్ లోపలికి. నర్సమ్మ తప్పు కాదు, బయట ఇంకా అంతమంది కూర్చోనుంటారు. అయితే ఆ ఎనిమిది మాటలు యాడ పోతాండాయి? మా ఇంట్లో ఆమె సంగతి నేనే చెప్పుకోవాల. ఎన్ని దినాలు పడతాది?”

“నలభై రోజులు” అన్నాను. నలభై రోజుల్లో ఎవరికీ ఏదీ రాదని నాకు తెలుసు. అయినా ఎదుటి మనిషి అంత అలసటగా నిలబడి ఉంటే నోటికి చిన్న అంకెలే వస్తాయి.

నల్లబల్ల మీద మూడు గడులు గీశాను. ఎవరు, ఏం చేశారు, దేన్ని. ఇంగ్లీషు వాక్యమంతా ఇంతేనన్నాను. ఆయన ఆ మూడు గడులనూ పంక్తిలో ఆకులను చూసినట్టు ఎడమ నుంచి కుడికి చూశాడు.

“చేసేది నడిమిలో పెట్టినారే సార్?”

“ఇంగ్లీషులో అంతే. మనకు ‘నేను అన్నం తిన్నాను’. వాళ్లకు ‘నేను తిన్నాను అన్నం’.”

“అదెట్లా? ఆకులో ఉప్పు, ఊరగాయ, కూర, పప్పు అన్నీ వచ్చి కూర్చున్నాక గదా అన్నం పడేది. మన మాట కూడా అట్లనే గదా, అందరూ వచ్చినాక కడాన పని. ఇంగ్లీషోడు మనిషి కూర్చోంగానే అన్నం పోసేస్తాడా?”

“పోసేస్తాడు. వాడికి ఆకలి జాస్తి.”

“పోసేసి, కూరలు వచ్చేదాకా ఒట్టి అన్నం చూస్తా కూర్చుంటాడా?”

‘రేపు చెబుతా’ అన్నాను.

రెండో వారం కోడీ పిల్లీ పాఠం వచ్చింది. “పిల్లి కోడిని పట్టింది. కోడిని పిల్లి పట్టింది. తెలుగులో ఎట్లా తిప్పినా పట్టేది పిల్లే. ఇంగ్లీషులో తిప్పితే కోడి పోయి పిల్లిని పడుతుంది” అని చెప్పాను.

“మరి ‘ని’ యాడ పోయింది సార్?”

“వాళ్లకు ‘ని’ లేదు. నిలబడిన చోటును బట్టే అర్థం.”

“అంటే ముందర నిలబడినోడు పట్టేవాడు. ఎనకాల నిలబడినోడు పట్టుబడేవాడు.”

“అంతే.”

“దీనికి ఇంగ్లీషు ఎందుకు సార్, మా పెండ్లి సత్రంలో కూడా అంతే” అన్నాడు. నవ్వలేదు.

పనిలో కూడా వల్లె వేసేవాడు. కాణిపాకం దగ్గర ఒక పెళ్లిలో నేను స్వయంగా విన్నాను. పంక్తి పొడుగునా పక్కవాటుగా నడుస్తూ, గరిటె వంచినప్పుడల్లా గొణుగుతున్నాడు. “ఐ గివ్ సాంబార్. యు టేక్ సాంబార్. హి వాంట్ రసం.” నా పక్కన కూర్చున్న పెద్దాయన అదేదో మంత్రమనుకుని చేతులు జోడించాడు. చేతులు జోడించడం నేను కలిపింది. ఆ పెద్దాయన తుమ్మాడంతే. గొణగడం మాత్రం నిజం.

నలభై రోజులు అయ్యాయి. ఇంకో నలభై అయ్యాయి. ‘అతిథి ఆకులో తిన్నాడు’ అని చెప్పమంటే, ఆకే అతిథిని తిన్నట్టు చెప్పేవాడు. సరిదిద్దితే, మరుసటి రోజు ఆకు, అతిథి ఇద్దరూ కలిసి ఎవరినో తినేవాళ్లు. ముహూర్తాల రోజుల్లో రెండు పెళ్లిళ్లు ముగించుకుని వచ్చేవాడు. చెప్పులు బయట విడిచి, వాచిన పాదాలు చల్లటి నేల మీద ఆనించి, కళ్లు మూసుకుని ‘మొదలుపెట్టండి సార్’ అనేవాడు. నాకు మోకాళ్ల నొప్పి, ఎండ, మధ్యాహ్నం తిన్న సంగటి. మూడో వాక్యానికి ఇద్దరికీ కునుకు పట్టేది. ఎవరు ముందు మేలుకుంటే వాళ్లు నాలుగో వాక్యం అందుకునేవాళ్లు. ఒక్కోసారి ఫ్యాను ఆగిపోయి ఉక్కకు మెలకువ వచ్చేది. అప్పుడు ఇద్దరం లేచి కూర్చుని, కరెంటు వచ్చేదాకా తువాళ్లతో విసురుకునేవాళ్లం.

అన్నిటికన్నా కష్టం మొదటి గడి. రెండో గడి, మూడో గడి ఎట్లాగో నింపేవాడు, మొదటిది ఖాళీగా వదిలేసేవాడు. ‘ఐ’ అనే మాట ఆయన నోట్లో నిలిచేది కాదు.

“‘వచ్చినాను’ అంటే దాంట్లోనే నేను ఉండాను గదా సార్. మళ్లా ముందర ఒకతూరి ఎందుకు?”

“ఇంగ్లీషులో ముందే చెప్పాలి. లేకపోతే ఎవరో తెలీదు.”

“వడ్డించేవోడు పంక్తి ముందర నిలబడి నేను, నేను అంటాంటే ఎవురికన్నా అన్నం దిగతాదా?”

ఇట్లా నడుస్తుండగా ఒకరోజు ఆయన ఒక వాక్యం అడిగాడు. అసలు ఆయన నా దగ్గరికి వచ్చిందే ఇట్లాంటి వాక్యాల కోసమని నాకు అప్పుడు గుర్తొచ్చింది. భార్య ఫిట్సు మాత్రలు మధ్యలో ఆగిపోయాయి. చాలాకాలం రానిది మళ్లీ వచ్చింది. వచ్చినప్పుడు ఆమె పొయ్యి దగ్గర ఉంది. చెయ్యి మోచేతి దాకా కాలింది. వచ్చే నెల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాలి, ఆమె తప్పకుండా అడుగుతుంది.

“మాత్రలు ఆగిపోయినాయి. దీన్ని ఇంగ్లీషులో ఎట్లా చెప్పాల సార్?”

నేను గడులు గీశాను. రెండో గడిలో ‘స్టాప్డ్’ అని, మూడో గడిలో ‘టాబ్లెట్స్’ అని రాసి, మొదటి గడి మీద సుద్దముక్క ఆనించి ఆయన వంక చూశాను.

“ఎవరు ఆపారు?”

“ఆగిపోయినాయి సార్.”

“మాత్రలకు కాళ్లున్నాయా, వాటంతట అవి ఆగడానికి?”

“లేవు.”

“మరి ఎవరు ఆపారు?”

ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

‘మాత్రలు ఆగిపోయాయి’ అని అట్లాగే ఇంగ్లీషులో చెప్పొచ్చు. సోషల్ అయ్యవారికి కూడా ఆ మాత్రం తెలుసు. కానీ నేను చెప్పలేదు. కార్వేటినగరం అవతల ఎవరో నాటువైద్యుడి దగ్గర ఈయన పసరు తెచ్చాడని ఆ మధ్య విన్నాను. రెండూ కలిపి చూసుకున్నాను. ఇంగ్లీషు మందు మాన్పించి పసరు తాగించి ఉంటాడు, అందుకే మొదటి గడి దగ్గర నోరు పెగలడం లేదు అనుకున్నాను. ఆ మాట ఆయన నోటితోనే చెప్పించాలని నాకొక దుర్బుద్ధి పుట్టింది. రోజూ ఆయన వచ్చేలోగా అవే మూడు గడులు గీసి, మొదటిది ఖాళీగా ఉంచేవాణ్ణి. ఆయన వచ్చి, దాన్ని చూసి, తలదించుకుని వేరే వాక్యాలు చెప్పుకుని పోయేవాడు. పదీ పన్నెండు రోజులు నడిపాను. ఆయన ముఖంలో అలసట పెరుగుతోందని నాకు కనబడుతూనే ఉంది. అయినా గీశాను.

ఒకరోజు ఆయన వచ్చీ రాగానే నా చేతిలో సుద్దముక్క తీసుకున్నాడు. మొదటి గడిలో తెలుగు అక్షరంతో ‘ఐ’ అని రాశాడు. వంకరగా వచ్చింది. సుద్దముక్క బల్ల మీద పెట్టి, చెయ్యి తువాలుకు తుడుచుకున్నాడు.

“సరిపోయిందా సార్?”

“సరిపోయింది” అన్నాను. ‘టాబ్లెట్స్’కు ముందు ‘హర్’ కూడా చేర్చి వాక్యం పూర్తి చేశాను. ఇంకేం అడగలేదు. అడగవలసింది అడిగేసినట్టే అనిపించింది.

ఆసుపత్రికి నేను కూడా వెళ్లాను. ఆ రోజు జరిగింది నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. డాక్టరమ్మ ప్రశ్న అడిగింది. ఈయన వంగిన భుజాన్ని కూడగట్టుకుని నిటారుగా నిలబడి, ‘ఐ స్టాప్డ్ హర్ టాబ్లెట్స్, మేడమ్’ అన్నాడు. డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆగిపోయింది. తలెత్తి, ‘నీకు ఇంగ్లీషు నేర్పిందెవరు?’ అంది. ఈయన నా వైపు చెయ్యి చూపించాడు.

ఆ గదిలో నేను లేను. రోగితో పాటు ఒక్కరినే రానిచ్చారు. నేను బయట బెంచీ మీద కూర్చుని, కాసేపటికి మోకాళ్లు పట్టేస్తే లేచి క్యాంటీనుకు పోయి కాఫీ తాగుతున్నాను. పెన్ను ఆగడం, చెయ్యి చూపించడం నావి. నాకు నిజంగా తెలిసిందల్లా ఆయన బయటికి వచ్చాక చెప్పిందే.

“చెప్పేసినాను సార్.”

“వరస?”

“తప్పలా. నేను ముందర, ఆపేది నడిమిలో, మాత్రలు కడాన.”

“ఏమన్నారు?”

“తిట్టింది సార్. ఇంకమీదట నీ చేత్తో నువ్వే ఇయ్యాల, మింగినాక నోరు తెరిపించి సూడాల అనింది. తిట్టు మొత్తం అర్థమయింది సార్, నర్సమ్మ లేకుండానే.”

అంత మాట చెబుతుంటే ఆయన ముఖం వెలిగింది. చిత్తూరు బస్సులో ఆ తిట్టును నాకు రెండుసార్లు ఇంగ్లీషులో చెప్పి వినిపించాడు, ఏ మాట ఎక్కడుందో వేళ్ల మీద చూపిస్తూ. ఆయన భార్య కిటికీ పక్కన కూర్చుంది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, బయటికి చూస్తోంది.

ఆ తర్వాత ఆయన నా బడికి రాలేదు. కావలసిన వాక్యం దొరికింది కదా. పెళ్లిళ్లలో కనబడేవాడు. మొదటి బంతి లేవగానే మాయమయ్యేవాడు, రెండో బంతికి ఆకులు పరిచేలోగా వచ్చేసేవాడు. మోపెడ్డు మీద ఇంటికి పోయి మాత్ర వేసి వస్తున్నాడని వడ్డన వాళ్లు చెప్పుకునేవాళ్లు. ఎంత దూరంలో పెళ్లి ఒప్పుకోవాలన్నా ముందు మాత్ర వేళ చూసుకునేవాడట. తిరుపతి పెళ్లిళ్లు రెండేళ్లు వదులుకున్నాడు. నా ఆకు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం గరిటె ఒక క్షణం ఆపి, తలెత్తకుండా, “ఐ గివ్ యు పాయసం” అనేవాడు. వరస తప్పేది కాదు. ఇంకో గరిటె కూడా పడేది.

నేను ఈ కథకు ఒక నీతి కూడా తగిలించుకున్నాను. తెలుగులో మనిషి క్రియ చాటున దాక్కోవచ్చు, ఇంగ్లీషులో కుదరదు, ముందుకు వచ్చి నిలబడాల్సిందే, నా మూడు గడులు ఒక మనిషి చేత నిజం చెప్పించాయి అని. వినేవాళ్లు తల ఊపేవాళ్లు. ఆ ఊపుకు కొన్నాళ్లు బతికాను.

తిరుచానూరు పెళ్లి అయిన నాలుగో రోజు వాళ్ల ఇంటికి వెళ్లాను. మా పక్క సందే. ఆషాఢమంతా నేను ఊళ్లో లేను, అందుకే కబురు అందలేదు. ఆమె అరుగు మీద కూర్చుని మునగాకు దూస్తోంది. కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇచ్చి, మళ్లీ ఆకు అందుకుంది. పోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి కదా. నాకు తెలిసిన మంచి మాట అదొక్కటే. మొత్తం చెప్పాను, పెన్ను ఆగడంతో సహా. తప్పు ఒప్పుకోవడానికి అంత ధైర్యం ఎంతమందికి ఉంటుందమ్మా అని ముగించాను.

ఆమె చేతిలో రెమ్మ పూర్తిగా దూసి, పుల్ల పక్కన పడేసింది.

“కథ బాగుండాది సార్. అయితే మాత్రలు ఆపింది ఆయన కాదు.”

“ఆయనే కదమ్మా బోర్డు మీద రాసింది.”

“రాసింటాడు. మీరు దినామూ ఖాళీ గడి పెట్టుకోని కూర్చుంటిరంట. ఆడ ఎవురినో ఒకరిని కూర్చోబెట్టాల గదా. నన్ను కూర్చోబెట్టేదానికి మనసు రాక ఆయనే కూర్చున్నాడు. ఆపింది నేను.”

“మరి ఆ పసరు?”

“అది ఆయన మోకాళ్లకు పూసుకునేది. మీకూ ఇస్తానని తెచ్చినాడు, మీరే వాసన అన్నారు.”

అది నిజమే. నాకు గుర్తొచ్చింది. నీళ్ల గ్లాసు కింద పెట్టాను.

“ఆ మాత్ర ఏసుకుంటే నాకు కండ్లు మూతలు పడతాండె. నిలబడితే తల తిరగతాండె, చేత్తో గిన్నె పట్టుకునేదానికి కాదు. దానికే ఆపేసినాను. ఆపినానని ఆయనకి తెల్సు. ఎందుకు ఆపినానని అడగలా. ఆ దినం ఆసుపత్రిలో ఈయన ఇంగ్లీషులో చెప్తాండాడు, ఆయమ్మ ఇంగ్లీషులో తిడతాండాది, నడిమిలో నేను కూర్చోనుండాను. ఏం జరగతాందో నాకు తెలీదు. ఆ పొద్దు నుంచి దినానికి రెండుతూర్లు మాత్ర నోట్లో ఏసి, నోరు తెరిపించి సూసేది. రెండేండ్లు సార్. రెండేండ్లు మబ్బులోనే ఉండాను.”

“తర్వాత?”

“ఆ డాక్టరమ్మ పోయి ఇంగొకామె వచ్చింది. అరవం తెల్సినామె. ఆయన్ని బయట కూర్చోమని, నన్నే అడిగింది, మాత్రలు ఎందుకమ్మా ఆపినావని. చెప్పినాను. అక్కడికక్కడే మాత్ర మార్చి రాసిచ్చింది. మళ్లా నాకు మబ్బూ లేదు, ఫిట్సూ రాలా.”

“నాకు ఈ సంగతి తెలీదమ్మా” అన్నాను.

“ఎట్లా తెలుస్తాది సార్? మీరిద్దురూ ఆ నల్లబల్ల కాడ కూర్చోని ఎవురు ఆపినారు, ఎవురు ఆపినారు అని పది పన్నెండు దినాలు రాసుకుంటిరి. పక్క సందులోనే ఉండాను నేను. వచ్చి అడిగింటే తెలుగులోనే చెప్పింటాను గదా.”